తెర దించే హక్కు పోలీసులకు లేదు

2024 జనవరి 20న హైదరాబాదు సైనిక్‌పురిలోని ఒక కేఫ్‌లో కొందరు కూర్చుని ఆనంద్ పట్వర్ధన్ తీసిన ‘రామ్ కే నామ్’ డాక్యుమెంటరీ చూస్తున్నారు. సినిమా సగంలో ఉండగా అభ్యంతరం చెప్పేవారు లోపలికి వచ్చారు. పోలీసులూ వచ్చారు. ప్రదర్శన అక్కడితో ఆగిపోయింది. ఏర్పాటు చేసినవారిని పోలీసులు స్టేషనుకు తీసుకెళ్లారు. మతభావాలను గాయపరిచారన్న అభియోగంతో వారిమీద కేసు నమోదైంది. అయోధ్యలో ప్రాణప్రతిష్ఠకు అప్పటికి రెండు రోజుల వ్యవధి ఉంది.

మా తీర్పు ముందే చెబుతున్నాం. ఆ రోజు చట్టం గీత దాటింది సినిమా చూపించినవారు కాదు, ఆపినవారు. న్యాయం గురించి, పౌరహక్కుల గురించి, కులం గురించి, మతకలహాల గురించి తీసిన డాక్యుమెంటరీలను ఈ దేశంలో ప్రభుత్వాలు, వాటి టీవీ, వాటి పోలీసులు దశాబ్దాలుగా వెంటాడుతున్న తీరు పౌరుల కళ్లు మూయించే నేరం. ఆ నేరంలో కేంద్రానికి పెద్ద వాటా ఉంది. తెలుగు రాష్ట్రాల పాలకులకు, తెలుగు ఛానెళ్లకు, పత్రికలకు కూడా వాటా ఉంది. ఆ వాటాను కాదనడానికి వీల్లేదు.

ఇంతకీ ఆ కేఫ్‌లో ఆగిపోయిన సినిమా ఏమిటి? 1990లో లాల్ కృష్ణ అద్వానీ రథయాత్ర సాగిన దారుల్లో కెమెరా పట్టుకుని తిరిగి తీసిన చిత్రం. సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఉంది. ఉత్తమ పరిశోధనాత్మక చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. 1997లో బొంబాయి హైకోర్టు ఆదేశంతో సాక్షాత్తు దూరదర్శన్‌లో ప్రసారమైంది. ప్రభుత్వం సర్టిఫికెట్ ఇచ్చి, పురస్కారమిచ్చి, సొంత టీవీలో దేశానికంతటికీ చూపించిన సినిమాను మూడు దశాబ్దాల తరువాత ఒక చిన్న గదిలో చూస్తే నేరమెలా అవుతుందో కేసు పెట్టిన అధికారి ప్రజలకు వివరించాలి.

ఆ సినిమాలో ఏముందో చూడనివారి కోసం ఒకటి రెండు సంగతులు. రథయాత్రలో ఉత్సాహంగా నినదిస్తున్న యువకులను ఆపి, రాముడు ఏ కాలంలో పుట్టాడని దర్శకుడు అడుగుతాడు. జవాబు దొరకదు. 1949 డిసెంబరులో అయోధ్యలోని మసీదు లోపల విగ్రహాలు పెట్టినవారిలో తానూ ఉన్నానని ఒక మహంతు కెమెరా ముందు చెబుతాడు. అన్నిటికంటే గుర్తుండిపోయే మనిషి పూజారి లాల్‌దాస్. వివాదాస్పద స్థలంలో పూజలు చేయడానికి కోర్టు నియమించిన పూజారి ఆయన. ఆయన కెమెరా ముందు కూర్చుని, ఎక్కడా గొంతు పెంచకుండా మాట్లాడతాడు. ఇదంతా ఓట్ల కోసం, నోట్ల కోసం ఆడే ఆట అని, అయోధ్యలో హిందువులూ ముస్లింలూ తరతరాలుగా కలిసి బతికారని చెబుతాడు. 1993 నవంబరులో ఆయనను కాల్చి చంపారు. రాముడికి పూజ చేసిన పూజారి మాట వింటే హిందువుల భావాలు గాయపడతాయని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! విగ్రహాలను మసీదులో పెట్టడం, 1992లో మసీదును కూల్చడం చట్టవిరుద్ధమని 2019 నవంబరు తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆలయ నిర్మాణానికి స్థలం అప్పగిస్తూనే ఆ మాట చెప్పింది. సర్వోన్నత న్యాయస్థానం రాసిన సంగతినే ఒక డాక్యుమెంటరీ చూపిస్తే కేసు పెడతారా?

చట్టం ఈ విషయంలో ఎక్కడా తడబడలేదు. 1989లో ఒక తమిళ చిత్రం విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన రంగరాజన్ తీర్పు నేటికీ అమల్లో ఉంది. ఎవరో గొడవ చేస్తామన్నారని భావప్రకటనను అణచకూడదు, గొడవ చేసేవారిని అదుపుచేయడం ప్రభుత్వ బాధ్యత అన్నది ఆ తీర్పు సారం. 2011లో ‘ఆరక్షణ్’ను ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నిషేధిస్తే, సెన్సార్ బోర్డు అనుమతించిన సినిమాను శాంతిభద్రతల పేరుతో రాష్ట్రం ఆపజాలదని కోర్టు మళ్లీ చెప్పింది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా అదే సినిమాను కొన్నాళ్లు నిలిపేసిందని ఇక్కడ గుర్తుచేయాలి. 2019 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్ కేసు వచ్చింది. ‘భవిష్యతేర్ భూత్’ అనే చిత్రాన్ని అక్కడి పోలీసులు చాటుమాటుగా థియేటర్ల నుంచి తీయించారు. నిర్మాతలకు 20 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ఆ ప్రభుత్వాన్ని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఏ సినిమా ఎవరు చూడాలో నిర్ణయించే పని పోలీసులది కాదని ఆ తీర్పు కుండబద్దలు కొట్టింది.

ఆ తీర్పు వచ్చిన నాలుగు నెలలకే, 2019 ఆగస్టులో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు ఇదే ‘రామ్ కే నామ్’ వేస్తుంటే పోలీసులు ప్రాంగణంలోకి వచ్చి ఆపారు. విద్యార్థులను స్టేషనుకు తరలించారు. అప్పుడు రాష్ట్రంలో తెలంగాణ రాష్ట్ర సమితి ప్రభుత్వం. సైనిక్‌పురి ఘటన నాటికి కాంగ్రెస్ ప్రభుత్వం. పార్టీ మారింది, ముఖ్యమంత్రి మారారు, పోలీసుల తీరు మాత్రం మారలేదు. ఒక పార్టీ మీద నెపం వేసి తప్పుకునే వీలు ఇందులో ఎవరికీ లేదు.

ఈ జబ్బు మూలం ఢిల్లీలో ఉంది. మనదేశంలో సినిమా సెన్సార్‌షిప్‌కు పునాదిరాయి వేసిన తీర్పు ఒక చిన్న డాక్యుమెంటరీ మీద వచ్చిందని చాలామందికి తెలియదు. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ నాలుగు మహానగరాల్లో సంపన్నుల విలాసాన్నీ, ఆ విలాసాన్ని మోసే పేదల బతుకునూ పక్కపక్కన పెట్టి ఒక లఘుచిత్రం తీశాడు. వేశ్యావాటిక దృశ్యాల మీద సెన్సార్ బోర్డు అభ్యంతరం చెప్పింది. అందరూ చూడదగిన చిత్రమని సర్టిఫికెట్ ఇవ్వడానికి నిరాకరించింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం దిగివచ్చి సర్టిఫికెట్ ఇచ్చింది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు, అసలు ముందస్తు సెన్సారే చెల్లదన్నాడు. 1970లో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ధర్మాసనం ఆ వాదనను తోసిపుచ్చింది. సినిమా మిగతా కళలకంటే మనసును ఎక్కువగా కదిలిస్తుంది కాబట్టి దానికి ముందస్తు తనిఖీ తప్పు కాదని చెప్పింది.

ఊరికొక టూరింగ్ టాకీసు ఉన్న రోజుల్లో ఆ మాటకు కాస్త అర్థం ఉందనుకుందాం. ఇవాళ ప్రతి చేతిలో ఫోను ఉంది. ఎక్కడో జరిగిన హత్య వీడియోను మన ఊళ్లో జరిగిందని అంటగట్టి పంపేవాడికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఆ అబద్ధం తెల్లారేసరికి లక్షల ఇళ్లకు చేరుతుంది. ఏళ్ల తరబడి తిరిగి, సాక్షులను వెతికి, పేర్లతో, ముఖాలతో నిజం చెప్పే డాక్యుమెంటరీకి మాత్రం నలుగురిలో చూపించాలంటే ప్రభుత్వ ముద్ర కావాలి. అబద్ధానికి రాజమార్గం, నిజానికి చెక్‌పోస్టు! 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం డాక్యుమెంటరీల విషయంలో నేడు చేస్తున్న పని ఇదే. దీన్ని సమర్థించే వాదన ఒక్కటి కూడా మాకు కనబడటం లేదు.

సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. భోపాల్ సంగతి చూడండి. 1984 డిసెంబరు విషవాయువు ప్రమాదం మీద తపన్ బోస్, సుహాసినీ ములే బృందం ‘బియాండ్ జెనోసైడ్’ తీసింది. దానికి జాతీయ స్థాయిలో స్వర్ణకమలం వచ్చింది. దూరదర్శన్ ప్రసారం చేయనంది. చిత్రంలో సమతూకం లేదన్నారు, కాలం చెల్లిందన్నారు, పరిహారం కేసులు కోర్టులో ఉన్నాయన్నారు, రాజకీయ పార్టీలు ఇవే విషయాలు లేవనెత్తుతున్నాయన్నారు. బాధితులు ఇంకా దగ్గుతూ ఆసుపత్రుల వరండాల్లో కూర్చున్న కాలంలో ఆ విషయానికి కాలం చెల్లిందని ఒక ప్రభుత్వ సంస్థ కాగితం మీద రాసింది. 1992లో సుప్రీంకోర్టు ఆ కారణాలన్నిటినీ కొట్టేసింది. ఎందుకు వేయకూడదో నిరూపించాల్సిన భారం దూరదర్శన్‌దేనని చెప్పింది. చరిత్రలో నిలిచే తీర్పు అది. కానీ ప్రమాదం జరిగి అప్పటికి ఎనిమిదేళ్లు కావొస్తోంది. దేశం ఆ మనుషులను చూడవలసిన సమయంలో చూడలేదు.

పట్వర్ధన్ జీవితంలో ఇదే కథ ఎన్నిసార్లు జరిగిందో లెక్క చూస్తే కోపం వస్తుంది. బొంబాయి కాలిబాటల మీద, మురికివాడల్లో ఉన్న పేదల గుడిసెలను కూల్చిన తీరు మీద 1985లో ‘బాంబే అవర్ సిటీ’ తీశాడు. అదే ఏడాది ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు బతుకుదెరువు హక్కు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. చెబుతూనే, నోటీసు ఇచ్చి గుడిసెలు తీసేయవచ్చని కూడా చెప్పింది. కోర్టు తీర్పులో పిటిషనర్లుగా మిగిలిపోయిన మనుషులకు ఈ సినిమాలో ముఖాలున్నాయి, గొంతులున్నాయి. జాతీయ పురస్కారం వచ్చింది. టీవీలో రావడానికి నాలుగేళ్లు కోర్టులో పోరాడాల్సి వచ్చింది. మతోన్మాదానికీ మగతనం గురించిన భ్రమలకూ ఉన్న చుట్టరికాన్ని చూపిన ‘ఫాదర్, సన్ అండ్ హోలీ వార్’కు రెండు జాతీయ పురస్కారాలు వచ్చాయి. హైకోర్టులో ఓడిన దూరదర్శన్ ప్రజల డబ్బుతో సుప్రీంకోర్టుకు వెళ్లి, 2006 ఆగస్టులో అక్కడ కూడా ఓడింది. సినిమా పూర్తయి అప్పటికి పదేళ్లు దాటింది. అణ్వాయుధాల మీద తీసిన ‘వార్ అండ్ పీస్’కు సెన్సార్ బోర్డు ఇరవైకి పైగా కోతలు చెప్పింది. 2003లో బొంబాయి హైకోర్టు ఒక్క కోత కూడా లేకుండా విడుదల చేయమంది.

ఒకే మనిషి ఇన్నిసార్లు ప్రభుత్వం మీద గెలిచాడంటే న్యాయవ్యవస్థ గొప్పదనమని పొంగిపోయేవారున్నారు. మేము అలా అనుకోవడం లేదు. ప్రతిసారీ ఓడిపోతానని తెలిసినా ప్రభుత్వం మళ్లీ అదే పని చేస్తున్నదంటే కేసు గెలవడం దానికి అవసరం లేదన్నమాట. ఆలస్యమే దానికి కావలసింది. అల్లర్ల మీద తీసిన సినిమా ఆ అల్లర్ల గాయం పచ్చిగా ఉన్నప్పుడు జనం ముందుకు రాకూడదు, అంతే. పదేళ్ల తరువాత కోర్టు అనుమతిస్తే అది చరిత్ర పాఠం అవుతుంది, అధికారికి ఇబ్బంది ఉండదు. తప్పుడు ఉత్తర్వు ఇచ్చిన అధికారి జేబులోంచి ఒక్క రూపాయి కూడా పోదు. బెంగాల్ తీర్పు ఒక్కటే ఆ లెక్క మార్చే దారి చూపింది. ఆ దారిలో కోర్టులు తరువాత ఎంత దూరం నడిచాయన్నది న్యాయమూర్తులు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న.

కోర్టుకు వెళ్లే మెట్లు కూడా తగ్గాయి. సెన్సార్ బోర్డు కాదంటే తక్కువ ఖర్చుతో ఆశ్రయించడానికి సినిమా అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది. 2021 ఏప్రిల్‌లో కేంద్రం ఒక ఆర్డినెన్స్‌తో దాన్ని ఎత్తేసింది. కోట్ల పెట్టుబడి ఉన్న నిర్మాత హైకోర్టుకు వెళ్లగలడు. అప్పుచేసి కెమెరా కొన్న యువకుడు, యువతి ఎక్కడికి వెళ్లాలి? చలనచిత్రోత్సవాల్లో సర్టిఫికెట్ లేకుండా చూపడానికి కేంద్రం ఇచ్చే మినహాయింపు కూడా అడ్డుకట్టగా మారింది. 2017 జూన్‌లో కేరళ డాక్యుమెంటరీ చలనచిత్రోత్సవానికి వచ్చిన మూడు సినిమాలకు మినహాయింపు నిరాకరించారు. ఒకటి కశ్మీర్ మీద, ఒకటి జేఎన్‌యూ విద్యార్థుల మీద. మూడోది రోహిత్ వేముల మరణానంతరం హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జరిగిన సంగతుల మీద. ఏ మూడు విషయాలు దేశం చూడకూడదని పాలకులు అనుకుంటున్నారో ఆ జాబితాయే చెబుతుంది.

రోహిత్ పేరు వచ్చింది కాబట్టి ఇక్కడ ఆగక తప్పదు. గుంటూరు నుంచి వచ్చి సైన్సు చదువుకుని రచయిత కావాలనుకున్న ఆ కుర్రవాడి కథ మొదలైంది కూడా ఒక డాక్యుమెంటరీ దగ్గరే. 2013లో ముజఫర్‌నగర్ ప్రాంతంలో జరిగిన మతహింస మీద నకుల్ సింగ్ సాహ్నీ ‘ముజఫర్‌నగర్ బాకీ హై’ తీశాడు. 2015 ఆగస్టు మొదట్లో ఢిల్లీలోని ఒక కళాశాలలో ఆ ప్రదర్శనను ఏబీవీపీ కార్యకర్తలు అడ్డుకున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ విద్యార్థి సంఘం దాన్ని ఖండిస్తూ నిరసన తెలిపింది. ఆ తరువాతి గొడవ, కేంద్ర మంత్రుల ఉత్తరాలు, విచారణ కమిటీలు, ఐదుగురు విద్యార్థుల సస్పెన్షన్, హాస్టల్ నుంచి గెంటివేత, ప్రాంగణంలోనే వారు వేసుకున్న ‘వెలివాడ’ గుడారం అందరికీ తెలిసినవే. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాడు.

ఒక సినిమా చూసే హక్కు కోసం మాట్లాడినందుకు మొదలైన శిక్ష ఎక్కడిదాకా పోయిందో తెలుగువారికంటే బాగా తెలిసినవారు లేరు. ఆ మరణం తరువాత లేచిన విద్యార్థి ఉద్యమాన్ని దీపా ధన్‌రాజ్ ‘వీ హావ్ నాట్ కమ్ హియర్ టు డై’గా తీశారు. పట్వర్ధన్ ‘రీజన్’లోనూ రోహిత్ ఉన్నాడు. ఆ ‘రీజన్’ను 2019లో కేరళ ఉత్సవంలో వేయడానికి మళ్లీ కేంద్రం మినహాయింపు నిరాకరించింది, మళ్లీ హైకోర్టు జోక్యం చేసుకోవలసి వచ్చింది. బతికుండగా అతని నోరు మూశారు. పోయాక అతని కథ కూడా తెరకెక్కకుండా చూస్తున్నారు. దీన్ని మరో పేరుతో పిలవడం మాకు చేతకాదు.

దీపా ధన్‌రాజ్ హైదరాబాదులో పుట్టారు. ఈ నగరం గురించి ఆమె తీసిన మరో చిత్రం గురించి కాస్త ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మన పాఠకుల్లో చాలామంది దాని పేరే విని ఉండరు. అది 1986 నాటి ‘క్యా హువా ఇస్ షహర్ కో’. 1984లో ఎన్టీ రామారావును గద్దె దించి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టిన రోజుల్లో పాతబస్తీలో మతహింస చెలరేగింది. కెమెరామన్ నవ్రోజ్ కాంట్రాక్టర్‌తో కలిసి దీపా కర్ఫ్యూ వీధుల్లో తిరిగారు. ఊరేగింపుల హోరు, తాళాలు పడ్డ దుకాణాలు, మాట్లాడడానికి ముందు వెనకా ముందూ చూసే మనుషులు అందులో కనిపిస్తారు. ఒకవైపు హిందూ నాయకులు, మరోవైపు మజ్లిస్ నాయకులు తమ మాటలతో తామే బయటపడతారు. హింస దానంతటదే పుట్టదని, దాన్ని పెంచి, పోషించి, వాడుకునేవారుంటారని చిత్రం మెల్లగా, ఒక్కొక్క ముడి విప్పుతూ చూపిస్తుంది. తరువాతి కాలంలో దేశమంతా చూసిన కథకు ముందస్తు హెచ్చరిక హైదరాబాదులోనే తయారైంది. ఆ సినిమాకు మళ్లీ ప్రాణం పోసి పునరుద్ధరించింది ఎవరో తెలుసా? జర్మనీలో బెర్లిన్ నగరానికి చెందిన ఆర్సెనల్ సంస్థ. మన నగరం గాయాన్ని భద్రపరచడానికి బెర్లిన్ వారికి తీరిక దొరికింది. మనకు దొరకలేదు.

ఇక్కడ మన వాటా మొదలవుతుంది. చుండూరు గుర్తుందా? 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారణ జరిపారు. హత్య జరిగిన ఊళ్లో, హతుల బంధువుల కళ్ల ముందు, నిందితుల ఇళ్లకు కూతవేటు దూరంలో న్యాయస్థానం కూర్చుంది. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఇరవై మూడేళ్ల ఈ ప్రయాణంలో ఒక దేశం తన న్యాయవ్యవస్థను అద్దంలో చూసుకునేంత సరుకుంది. రోజుకు ఇరవై నాలుగు గంటలూ వార్తలు వడ్డించే మన తెలుగు ఛానెళ్లు దీనికి ఎన్ని గంటలు కేటాయించాయి? ఇన్ని కోట్ల బడ్జెట్ల మన పరిశ్రమలో ఒక డాక్యుమెంటరీకి కాసిని డబ్బులిచ్చే నిర్మాత ఎంతమంది ఉన్నారు? పత్రికల్లో సినిమా పేజీలు నింపే మేము సైతం ఈ చిత్రాల గురించి ఎంత రాశాం? జవాబు మనందరికీ తెలుసు. నిషేధం ప్రభుత్వం చేసింది, నిర్లక్ష్యం మనం చేశాం.

డాక్యుమెంటరీ తీసేవారు తప్పులే చేయరని మేము అనడం లేదు. అమెరికాలో ఎరోల్ మోరిస్ 1988లో ‘ది థిన్ బ్లూ లైన్’ తీశాడు. డల్లస్‌లో ఒక పోలీసు హత్యకేసులో చేయని నేరానికి జైల్లో మగ్గుతున్న రాండల్ ఆడమ్స్ కథ అది. సాక్షులు ఎలా అబద్ధమాడారో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూపించాడు. మరుసటి ఏడాది ఆడమ్స్ విడుదలయ్యాడు. ఒక సినిమా ఒక మనిషిని జైలు నుంచి బయటికి తెచ్చింది. కానీ బయటికొచ్చిన ఆడమ్స్, తన కథ మీద హక్కు తనకే ఉండాలని అదే దర్శకుడితో కోర్టుకెక్కాడు. బాధితుడి జీవితం దర్శకుడి ఆస్తి కాదు. ‘బాంబే అవర్ సిటీ’లో గుడిసె కోల్పోయిన ఒక స్త్రీ కెమెరా మీదికి తిరగబడుతుంది. పేదల బొమ్మలు తీసుకుని పేరు తెచ్చుకుంటారు, మాకేం ఒరుగుతుంది అని నిలదీస్తుంది. దర్శకుడు ఆ మాటలను కత్తిరించలేదు, సినిమాలోనే ఉంచాడు. దళిత వాడల్లోకి, బాధిత స్త్రీల ఇళ్లలోకి కెమెరాతో వెళ్లే ప్రతి యువ దర్శకుడూ ఆ నిలదీతకు సమాధానం చెప్పుకున్నాకే షూటింగ్ మొదలుపెట్టాలి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెడితే, అబద్ధం చెబితే, పరువు తీస్తే శిక్షించడానికి మామూలు చట్టాలున్నాయి. సినిమా వచ్చాక ఎవరైనా కోర్టుకు వెళ్లవచ్చు. ఆ చట్టాలు ఉన్నచోట ముందే గొంతు నొక్కే అధికారం ఇంకెందుకు?

2023 జనవరిలో గుజరాత్ అల్లర్ల మీద బీబీసీ తీసిన డాక్యుమెంటరీని కేంద్రం ఐటీ నిబంధనల్లోని అత్యవసర అధికారంతో సోషల్ మీడియా నుంచి తీయించింది. ఏ కారణాలతో తీయించారో చెప్పే ఉత్తర్వును పౌరుల ముందు పెట్టలేదు. హైదరాబాదు విశ్వవిద్యాలయంతో సహా అనేక ప్రాంగణాల్లో విద్యార్థులు ల్యాప్‌టాప్‌లు ముందు పెట్టుకుని దాన్ని చూశారు. వారు చేసింది తప్పు కాదు. ఆ డాక్యుమెంటరీలోని వాదనతో ఏకీభవించనివారు మరో డాక్యుమెంటరీ తీయవచ్చు, వ్యాసం రాయవచ్చు, చర్చకు పిలవవచ్చు. అధికారం చేతిలో ఉందని మీట నొక్కడం వాదన కాదు.

కాబట్టి కేంద్రం చేయవలసింది స్పష్టం. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించారు, వయసుల వారీ వర్గాలు పెట్టారు, సర్టిఫికెట్‌కు కాలపరిమితి తీసేశారు. డాక్యుమెంటరీల జోలికి మాత్రం పోలేదు. ఈసారి ఆ పని చేయాలి. డాక్యుమెంటరీలకు ముందస్తు సర్టిఫికెట్ అవసరాన్ని ఎత్తేయాలి. బోర్డు కత్తెర పట్టడం మానేసి వయసు వర్గీకరణకే పరిమితం కావాలని 2016లోనే శ్యామ్ బెనెగల్ కమిటీ సూచించింది. ఆ నివేదికను బీరువాలోంచి తీయాలి. దూరదర్శన్ ప్రజల డబ్బుతో నడుస్తుంది. జాతీయ పురస్కారం పొందిన ప్రతి డాక్యుమెంటరీనీ జనం మెలకువగా ఉండే వేళలో, యాదగిరి, సప్తగిరి ఛానెళ్లలో తెలుగు సబ్‌టైటిళ్లతో చూపించడం దాని కనీస బాధ్యత. న్యాయస్థానాలు ఇలాంటి పిటిషన్లను నెలల్లో తేల్చాలి, తప్పుచేసిన అధికారి మీద ఖర్చులు వేయాలి.

తెలంగాణ ప్రభుత్వానికి ఒక మాట. ఇక్కడ సినిమా అవార్డులకు గద్దర్ పేరు పెట్టుకున్నారు. పాట పాడినందుకు అజ్ఞాతంలోకి వెళ్లిన, ఒంటిలో తూటాతో బతికిన మనిషి పేరు అది. ఆ పేరుతో వేదిక మీద పురస్కారాలిచ్చే ప్రభుత్వం కింద, సినిమా చూపించినవారిని పోలీసు జీపెక్కించడం ఆయన పేరుకే అవమానం. సైనిక్‌పురి కేసు ఎందుకు పెట్టారో, ఎవరి ఉత్తర్వుతో పెట్టారో ప్రభుత్వం శాసనసభకు చెప్పాలి. తప్పుడు కేసు పెట్టిన అధికారి మీద చర్య తీసుకోవాలి, ఆ నిర్వాహకులకు బెంగాల్ తీర్పు చూపిన దారిలో పరిహారం ఇవ్వాలి. సర్టిఫికెట్ ఉన్న సినిమాను ఎక్కడ వేసినా అడ్డుకోకూడదని, అడ్డుకోవడానికి వచ్చినవారినే అదుపులోకి తీసుకోవాలని డీజీపీ ప్రతి పోలీసు స్టేషనుకూ రాతపూర్వకంగా ఆదేశమివ్వాలి. ఆంధ్రప్రదేశ్ డీజీపీ కూడా అదే పని చేయాలి. ఆ ఆదేశం వెలువడిన వారంలోనే రవీంద్రభారతిలో ‘క్యా హువా ఇస్ షహర్ కో’ను, ‘రామ్ కే నామ్’ను ప్రభుత్వ ఖర్చుతో వేయాలి. పాతబస్తీ నుంచి, విశ్వవిద్యాలయాల నుంచి, సైనిక్‌పురి నుంచి జనాన్ని పిలవాలి. పోలీసులను గేటు దగ్గర కాపలా పెట్టాలి.